యారాడ విహారానికి ముహూర్తం

సెలవులు దగ్గర పడుతున్నాయంటే విశాఖపట్నం బడుల్లో గుసగుసలు మొదలవుతాయి. "ఈసారి యారాడ పోదామా?" అని ఒకరంటే, పదిమంది సై అంటారు. అనరు మరి! నగరానికి దక్షిణాన, డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవలి పక్కన ఉంది యారాడ. సింధియా దాటి, ఘాటు రోడ్డు ఎక్కి కొండ దిగితే చాలు, మూడు వైపులా కొండలు, నాలుగో వైపు బంగాళాఖాతం, నడుమ పసుపు పచ్చని ఇసుక కనిపిస్తాయి. అంత అందమైన చోటు మన తీరంలో అరుదు.

విహారానికి ఏర్పాట్లు ఎలా చేస్తారో మీకు తెలుసు. పులిహోర ఎవరు తేవాలి, బంతి ఎవరిది, బస్సు ఎన్ని గంటలకు, తలకు ఎంత చందా అని అన్నీ ముందే రాసుకుంటారు. అందరినీ అడుగుతారు. అడగవలసిన ఒక్కరిని మాత్రం మరచిపోతారు. ఆ ఒక్కరూ సముద్రుడే!

ఇది నవ్వులాటకు అంటున్న మాట కాదు. యారాడలో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు పత్రికల్లో తరచుగా చూస్తూనే ఉన్నాం. వారిలో ఎక్కువమంది విద్యార్థులు, కుర్రవాళ్ళు. ఈత వచ్చినవారు కూడా ఉన్నారు. "సముద్రం మింగేసింది" అంటారు చూసినవారు. సముద్రం ఎవరినీ మింగదు. నీరు తన నియమాల ప్రకారం తాను కదులుతుంది. ఆ నియమాలు తెలియక మనం పోయి దాని దారిలో నిలబడతాం.

పెళ్ళికి ముహూర్తం పెట్టేటప్పుడు పెద్దలు మాసం, తిథి, వేళ చూస్తారు గదా! సముద్ర విహారానికి కూడా అలాగే ముహూర్తం చూడాలి. నెల, తిథి, గంట, చోటు అని ఇందులో నాలుగు అంగాలున్నాయి. వీటి వెనుక ఉన్నది జ్యోతిషం కాదు, మీరు తరగతిలో చదువుకునే భౌతిక శాస్త్రమే. ఒక్కొక్కటే చూద్దాం.

ఇటలీ సముద్రం వేరు, మన సముద్రం వేరు

సినిమాల్లో, క్యాలెండర్ బొమ్మల్లో దక్షిణ ఇటలీ తీరాన్ని మీరు చూసే ఉంటారు. నేపుల్స్ నగరానికి దిగువన ఉన్న అమాల్ఫీ తీరంలో కూడా యారాడలో మాదిరే కొండలు సముద్రంలోకి దిగుతాయి. వేసవిలో అక్కడికి లక్షలాది జనం వస్తారు, గంటల తరబడి నీళ్ళలో ఉంటారు. "వాళ్ళకు లేని భయం మనకెందుకు?" అని మీకు అనిపించవచ్చు.

అట్లాసు తెరచి చూడండి. ఇటలీ చుట్టూ ఉన్నది మధ్యధరా సముద్రం. అది దాదాపు అన్ని వైపులా నేల చుట్టి ఉన్న ఒక పెద్ద చెరువు వంటిది. పడమట జిబ్రాల్టర్ జలసంధి దగ్గర మహాసముద్రంతో దానికి సంబంధం ఉంది. ఆ వాకిలి ఇరుకైన చోట 14 కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. అందుచేత దక్షిణ ఇటలీ తీరంలో చాలాచోట్ల పోటుకూ ఆటుకూ నడుమ నీటి మట్టంలో తేడా ఒక అడుగుకు అటూ ఇటుగా ఉంటుంది. పైగా అక్కడ జూలై, ఆగస్టు నెలల్లో వానలూ తుపానులూ తక్కువ. అక్కడ ప్రమాదాలు లేవని కాదు. కాని వారి విహార కాలమూ, సముద్రం నెమ్మదించే కాలమూ ఒకటే.

ఇప్పుడు యారాడ మీద వేలు పెట్టండి. 83 డిగ్రీల తూర్పు రేఖాంశానికి కాస్త తూర్పున ఉంది. అక్కడి నుంచి వేలిని సూటిగా దక్షిణానికి జరపండి. శ్రీలంక పడమటి పక్కన ఉండిపోతుంది. భూమధ్యరేఖ దాటుతారు, హిందూ మహాసముద్రం అంతా దాటుతారు. అంటార్కిటికా మంచు తగిలేదాకా, అంటే 9,000 కిలోమీటర్లకు పైగా, మీ వేలికి ఒక్క దీవి కూడా అడ్డు రాదు! మన యారాడ వాకిలి అంత విశాలమైనది.

దాని ఫలితం ఏమిటి? గాలి నీటిమీద ఎంత దూరం, ఎంతసేపు, ఎంత బలంగా వీస్తే అలలు అంత పెద్దవవుతాయి. దక్షిణాన 50 డిగ్రీల అక్షాంశం దగ్గర ఏడాది పొడవునా పెనుగాలులు వీస్తుంటాయి. అక్కడ పుట్టిన నిడుపాటి అలలు గాలి ఆగిపోయినా ఆగవు. 14 సెకన్ల ఆవర్తన కాలం గల అలల గుంపు లోతైన నీటిలో గంటకు దాదాపు 39 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. 50 డిగ్రీల దక్షిణం నుంచి యారాడకు సుమారు 7,500 కిలోమీటర్లు. లెక్క కట్టండి: దాదాపు 192 గంటలు, అంటే ఎనిమిది రోజులు.

చూశారా! మీ తలమీద ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు, ఆకు కూడా కదలకపోవచ్చు. అయినా మీ కాళ్ళను తాకే కెరటం ఎనిమిది రోజుల క్రితం మరో అర్ధగోళంలో రేగిన గాలివానకు పుట్టినది కావచ్చు. ఆకాశాన్ని చూసి సముద్రాన్ని నమ్మరాదు అన్నది మొదటి పాఠం.

మొదటి అంగం: నెల

మన తీరంలో మార్చి నుంచి నైరుతి దిక్కు గాలి బలం పుంజుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలం. కెరటాలు ఎత్తుగా, వెంట వెంటనే వస్తాయి. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ పెను తుపాను విశాఖపట్నం దగ్గరే తీరం దాటింది. ఇక డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, తుపాను ఏదీ లేకపోతే, సముద్రం తక్కిన నెలలకన్న నెమ్మదిగా ఉంటుంది.

ఇందులో చిక్కు ఏమిటో గమనించారా? ఇటలీవారికి వేసవి సెలవుల్లో సముద్రం నెమ్మదిస్తుంది. మనకు వేసవి సెలవుల్లోనే రేగడం మొదలుపెడుతుంది. మనం మాత్రం ఎండలు ముదిరినప్పుడే సముద్రానికి పరుగెత్తుతాం! కనుక వీలైతే మీ విహారాన్ని సంక్రాంతి సెలవులకు మార్చుకోండి. వేసవిలోనే వెళ్ళవలసివస్తే, నీళ్ళలోకి దిగడం కాకుండా ఒడ్డున గడపడమే కార్యక్రమం అనుకుని వెళ్ళండి.

బయలుదేరే ముందురోజు మరొక పని చేయాలి. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే జాతీయ సంస్థ సముద్రపు అలలు ఎంత ఎత్తున రానున్నాయో ముందుగా అంచనా కట్టి ప్రకటిస్తుంది. విశాఖపట్నంలో తుపాను హెచ్చరిక కేంద్రం ఉంది. జాలర్లు వేటకు పోయే ముందు ఈ కబుర్లు వింటారు. "వేటకు వెళ్ళరాదు" అని చెప్పిన రోజు విహారానికీ వెళ్ళరాదు. అంతే లెక్క.

రెండో అంగం: తిథి

మీ ఇంట్లో గోడకు వేలాడే పంచాంగం క్యాలెండరు ఇక్కడ అక్కరకు వస్తుంది. సముద్రపు నీటిని చంద్రుడూ సూర్యుడూ ఇద్దరూ ఆకర్షిస్తారు. సూర్యుడు ఎంతో పెద్దవాడే అయినా చాలా దూరాన ఉన్నందువల్ల, ఆటుపోట్ల విషయంలో ఆయన బలం చంద్రుని బలంలో సగంకన్న కాస్త తక్కువ, సుమారు 46 శాతం.

అమావాస్య, పూర్ణిమలనాడు సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరుసలో ఉంటారు. ఇద్దరి బలాలూ కలిసివస్తాయి. చంద్రుని బలాన్ని 1 అనుకుంటే మొత్తం 1.46. అప్పుడు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. వీటిని పర్వవేలా తరంగాలు అంటారని మీరు చదివారు. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ లంబదిశల్లో లాగుతారు కనుక 1 నుంచి 0.46 పోతుంది. మిగిలేది 0.54. ఇవి లఘువేలా తరంగాలు. విశాఖ తీరంలో పర్వవేలలో పోటుకూ ఆటుకూ నడుమ తేడా దాదాపు ఒకటిన్నర మీటర్లు ఉంటుంది. లఘువేలలో అందులో సగంకన్న తక్కువ. సాధారణంగా తిథి దాటిన ఒకటి రెండు రోజులకు ఈ ప్రభావం పూర్తిగా కనిపిస్తుంది.

మన వాడుకలో ఒక విశేషం ఉంది. సముద్ర స్నానాలకు ప్రసిద్ధమైన రోజులు ఏవి? కార్తిక పూర్ణిమ, మాఘ పూర్ణిమ, గ్రహణాల రోజులు. గ్రహణం అమావాస్యకో పూర్ణిమకో తప్ప రాదు. అంటే జనం ఎక్కువగా సముద్రంలో దిగేది నీరు ఎక్కువగా ఎక్కిదిగే రోజుల్లోనే! పర్వదినాన స్నానం మానమని చెప్పడం లేదు. ఆ రోజుల్లో అందరూ దిగే చోట, పెద్దల చేయి పట్టుకుని, మోకాలి లోతులో మునిగి రావాలి. ఈతలకూ ఆటలకూ మాత్రం అష్టమి, నవమి ప్రాంతపు రోజులు మేలు.

మూడో అంగం: గంట

రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. ఒక పోటుకూ మరుసటి పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు. కనుక ఇవాళ ఉదయం 8 గంటలకు పోటు నిండితే, రేపు దాదాపు 8 గంటల 50 నిమిషాలకు నిండుతుంది. ఏ రోజు ఏ వేళకు పోటో చెప్పే పట్టికలను భారత సర్వే శాఖ ఏటా ప్రచురిస్తుంది. ఇప్పుడు సెల్ ఫోనులో కూడా అవి దొరుకుతాయి. పట్టిక లేకపోతే ఊళ్ళోని జాలరి పెద్దను అడగండి. "తాతా, నీరు ఎక్కుతోందా, దిగుతోందా?" అంటే ఇసుక తడిని చూసి చెప్పేస్తాడు.

నీరు బాగా దిగి ఉన్న వేళ, ఆటుకు ముందు వెనుక గంటలు, జాగ్రత్తగా ఉండవలసిన గంటలు. ఎందుకో నాలుగో అంగంలో తెలుస్తుంది. నీరు పూర్తిగా నిండిన వేళలోనూ ఒక చిక్కు ఉంది. ఒడ్డు నిటారుగా ఉన్న చోట కెరటం సరిగ్గా ఒడ్డుమీదనే విరిగి మనిషిని ఇసుకకేసి కొడుతుంది. ఒక ఘనపు మీటరు సముద్రపు నీటి బరువు దాదాపు 1,025 కిలోలు. అంత బరువు పరుగెత్తుకుంటూ వచ్చి తగిలితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

మధ్యాహ్నం అయ్యేసరికి నేల వేడెక్కి సముద్రం మీది గాలి ఒడ్డుకు బలంగా వీస్తుంది, అలలు చిందరవందర అవుతాయి. చీకటిపడే వేళ నీళ్ళలో ఉన్నవారు ఒడ్డునున్నవారికి కనిపించరు. కనుక ఉదయపు గంటలే మంచివి.

నాలుగో అంగం: చోటు

ఇదే అన్నిటిలోకీ ముఖ్యమైనది. నెల, తిథి, గంట చక్కగా కుదిరినా, చోటు తప్పితే ముప్పే.

ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూడండి. ఒకచోట కెరటాలు తెల్లగా నురుగు కక్కుతూ విరుగుతున్నాయి. దాని పక్కనే కొన్ని గజాల మేర కెరటాలు విరగడం లేదు. నీరు ముదురు రంగులో నిమ్మళంగా ఉంది. మీరైతే ఎక్కడ దిగుతారు? నూటికి తొంభైమంది నిమ్మళంగా ఉన్న చోటనే దిగుతారు. ప్రాణాలు పోయేది అక్కడే!

కారణం ఏమిటంటే, కెరటం తన ఇష్టం వచ్చినచోట విరగదు. నీటి లోతు కెరటం ఎత్తుకు సుమారు ఒకటింబావు రెట్లకు తగ్గినప్పుడు అది విరుగుతుంది. ఒక మీటరు ఎత్తు కెరటం విరిగిందంటే అక్కడ లోతు మీటరుంబావు అన్నమాట. తెల్లని నురుగు ఉన్నచోట లోతు తక్కువ. కెరటం విరగని చోట లోతు ఎక్కువ.

ఒడ్డుకు కొంత దూరంలో, నీటి అడుగున, ఇసుక పొడవుగా గట్టులా పేరుకుని ఉంటుంది. పొలం గట్టు లాంటిదే అనుకోండి. కెరటాలు ఈ గట్టుమీద విరిగి నీటిని ఒడ్డువైపు తోస్తాయి. గట్టుకూ ఒడ్డుకూ నడుమ నీరు నిండుతుంది. నిండిన నీరు తిరిగి వెళ్ళాలి గదా! ఎటు వెళుతుంది? పొలంలో ఏం జరుగుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. గట్టుకు ఎక్కడ గండి ఉందో అక్కడికి అటూ ఇటూ ఉన్న నీరంతా పరుగెత్తి, ఆ గండిలో నుంచి సముద్రంలోకి దూసుకుపోతుంది. ఇలా ఒడ్డు నుంచి లోపలికి పోయే ఈ ఇరుకైన వడి నీటిని రిప్ ప్రవాహం అంటారు. ఈ పేరును 1936లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ షెపర్డ్ ప్రతిపాదించాడు. దీనికీ ఆటుపోట్లకూ ముడిపెట్టి పిలవడం సరికాదని ఆయన వాదించాడు.

చిన్న లెక్క చేద్దాం. 100 మీటర్ల పొడవైన గట్టుమీదుగా నీరు సెకనుకు 10 సెంటీమీటర్ల చొప్పున ఒడ్డువైపు వస్తున్నదనుకోండి. గండి వెడల్పు 10 మీటర్లు, లోతు గట్టుమీది నీటి లోతంతే అనుకుందాం. వచ్చిన నీరంతా ఆ గండిలోంచే పోవాలంటే వేగం పదిరెట్లు కావాలి. అంటే సెకనుకు ఒక మీటరు! గండి రెండింతలు లోతుగా ఉంటే సెకనుకు అర మీటరు. నిజమైన రిప్ ప్రవాహాలు తరచుగా సెకనుకు అర మీటరు ప్రాంతంలో ఉంటాయి. ఒక్కొక్కప్పుడు 2.5 మీటర్ల వరకు కూడా కొలిచారు.

ఆ వేగం ఎంతటిదో చూడండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా ఈతగాడు పాన్ ఝాన్‌లే 100 మీటర్లను 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంటే సెకనుకు దాదాపు 2.15 మీటర్లు. అదీ 46 సెకన్ల పాటు మాత్రమే! కనుక రిప్ ప్రవాహానికి ఎదురీదడం ప్రపంచ విజేతకే కష్టం. చెరువులో ఈత నేర్చుకున్న మనం ఎంత?

ఇప్పుడు ఆటు వేళ సంగతి చెప్పుకుందాం. నీటి మట్టం దిగినప్పుడు గట్టుమీద లోతు తగ్గి కెరటాలు అక్కడ ఎక్కువగా విరుగుతాయి. గట్టుమీదుగా వెనక్కి పోయే దారి మూసుకుపోయినట్లయి నీరంతా గండి పాలవుతుంది. అందుకే ఆటు వేళల్లో రిప్ ప్రవాహం సాధారణంగా బలపడుతుంది. పర్వవేలలో ఆటు మరింత దిగుతుంది కనుక ఇంకా బలపడుతుంది. నాలుగు అంగాలూ ఎలా ముడిపడి ఉన్నాయో చూశారా!

రాళ్ళ పక్కన మరొక రకం ప్రవాహం ఉంటుంది. ఒడ్డు వెంట పారే నీరు కొండ రాళ్ళకు తగిలి, దారి లేక సముద్రంలోకి మళ్ళుతుంది. యారాడ తీరానికి కొసల్లో కొండ రాళ్ళు నీటిలోకి దిగి ఉన్నాయి. ఫొటోలకు అందంగా ఉండే ఆ రాళ్ళ దగ్గర నీళ్ళలోకి ఎన్నడూ దిగరాదు.

"నిరుడు ఇక్కడే దిగాం, ఏమీ కాలేదు" అని కొందరంటారు. ఇసుక ఒకచోట నిలవదు. 1952లో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి ఇక్కడ సముద్ర శాస్త్ర పరిశోధనలకు ఊపు తెచ్చిన ఆచార్య లాఫాండ్, తన సహచరులతో కలిసి వాల్తేరు బీచిలో ఇసుక మట్టాన్ని కొలిచాడు. కాలాన్ని బట్టి ఇసుక కోసుకుపోవడం, మళ్ళీ మేట వేయడం వారు నమోదు చేశారు. గట్లూ గండ్లూ కూడా అలాగే జరిగిపోతుంటాయి. నిరుటి గట్టు ఈ ఏటికి గండి కావచ్చు.

అందుచేత చేరగానే నీళ్ళలోకి పరుగెత్తకండి. కొండ దిగేటప్పుడే కాసేపు ఆగి పైనుంచి చూడండి. అంత మంచి పరిశీలన స్థలం మరే బీచికీ సులభంగా దొరకదు. ఒడ్డుకు చేరాక ఎత్తైన ఇసుకమీద నిలబడి పదిహేను నిమిషాలు గమనించండి. పెద్ద కెరటాలు గుంపులు గుంపులుగా వస్తాయి కనుక రెండు నిమిషాల చూపు చాలదు. ఈ గుర్తుల కోసం వెతకండి:

తెల్లని కెరటాల వరుసలో విరగని ఖాళీ చోటు.
చుట్టుపక్కలకన్న ముదురు రంగు నీరు, లేదా ఇసుక కలిసిన బురద రంగు నీరు లోపలికి పోతూ ఉండడం.
నురుగు, ఆకులు, చెత్త ఒడ్డుకు రాకుండా సముద్రంలోకి సాగిపోవడం.

అనుమానంగా ఉంటే ఒక కొబ్బరి డొక్కను విసిరి చూడండి. అది ఎటు పోతుందో మీరూ అటే పోతారు! ఎంత చూసినా ఏ గుర్తూ కనిపించకపోతే ప్రవాహం లేదని కాదు. గజ ఈతగాళ్ళు కాపలా లేని చోట, హెచ్చరిక బోర్డు ఉన్నచోట నీళ్ళలోకి దిగకపోవడమే తెలివి.

దిగినా మోకాలి లోతు మించవద్దు. ఎందుకో ఆర్కిమెడిస్ చెబుతాడు. నడుము లోతుకు వెళితే శరీరంలో సగానికి కాస్త తక్కువ మునుగుతుంది. ఆ మేరకు మీ బరువు తగ్గినట్లే. పాదాలు ఇసుకను పట్టి ఉంచే రాపిడి కూడా తగ్గుతుంది. మరోవైపు నీరు తోసే బలం వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుంది. పట్టు తగ్గి తోపుడు పెరిగినప్పుడు, ఎంత బలశాలి అయినా కాలు నిలవదు.

ఇంట్లో చేసి చూడండి

వెడల్పాటి పళ్ళెంలో తడి ఇసుకతో ఒక పక్క ఒడ్డు కట్టండి. దానికి నాలుగు వేళ్ళ దూరంలో, ఒక అంచు నుంచి మరొక అంచు దాకా గట్టు వేసి, నడుమ చిన్న గండి పెట్టండి. గట్టు అంచు వరకు నీరు పోయండి. ఒడ్డుకూ గట్టుకూ నడుమ చిన్న చిన్న కాగితం ముక్కలు చల్లండి. ఇప్పుడు అదే జాగాలో, రెండు కొసల్లో, గ్లాసుతో నీటిని నెమ్మదిగా పోస్తూ ఉండండి. కాగితం ముక్కలు ముందు ఒడ్డు వెంట పక్కకు జరుగుతాయి. గండి దగ్గరకు రాగానే వడిగా బయటకు పోతాయి. గండి దాటాక? వేగం తగ్గి చెదిరిపోతాయి. ఈ చివరి సంగతి బాగా గుర్తు పెట్టుకోండి. ప్రాణం నిలబెట్టేది అదే.

గండిలో చిక్కుకుంటే

ఒకవేళ ప్రవాహంలో చిక్కుకున్నారనుకోండి. చాలామంది అనుకునేట్లు అది మనిషిని అడుగుకు లాగదు. లోపలికి మోసుకుపోతుంది, అంతే. కెరటాలు విరిగే వరుస దాటాక దాని బలం సన్నగిల్లుతుంది. కాగితం ముక్కలు చెప్పింది ఇదే. తేలే పరికరాలను వదిలి పరిశోధించిన శాస్త్రజ్ఞులు మరో సంగతి కూడా కనుగొన్నారు. చాలాచోట్ల ఈ నీరు గుండ్రంగా తిరిగి మళ్ళీ గట్టువైపే వస్తుంది. మునిగిపోయేవారిలో ఎక్కువమంది ఒడ్డుకేసి ఎదురీది, అలసిపోయి మునుగుతారు.

కనుక ఒడ్డుకేసి ఈదవద్దు. వెల్లకిలా తేలండి. ఊపిరి నిండా పీల్చితే ఉప్పునీటిలో శరీరం తేలికగా తేలుతుంది. ఒక చేయి ఎత్తి ఊపండి, కేక వేయండి. ఈత వచ్చి, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, తెల్లని కెరటాలు విరుగుతున్న వైపు ఈదండి. అక్కడ గట్టు ఉంది, లోతు తక్కువ. అక్కడి కెరటాలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. దూరం నుంచి భయపెట్టిన నురుగే ఇప్పుడు మీ చుట్టం!

ఒడ్డున ఉన్నవారి పని

స్నేహితుడు కొట్టుకుపోతుంటే వెంటనే దూకాలనిపిస్తుంది. ఒకరి కోసం ఒకరు దిగి, ఇద్దరు ముగ్గురు పోయిన సంఘటనలు ఎన్నో ఉన్నాయి. దూకవద్దు. తేలే వస్తువు విసరండి. మీరు తాగునీరు తెచ్చుకున్న 5 లీటర్ల డబ్బా ఉంది గదా! ఖాళీ చేసి మూత బిగించి విసిరితే అది దాదాపు 5 కిలోల బరువును తేల్చగలదు. తలను నీటిపైన నిలపడానికి అది చాలు. దానికి పొడవైన తాడు ముందే కట్టి ఉంచితే మరీ మంచిది. ఈ డబ్బా, తాడు పులిహోరతోపాటు మీ జాబితాలో ఉండాలి. ఒకరు గజ ఈతగాళ్ళనూ జాలర్లనూ పిలవాలి, ఒకరు 112కు ఫోను చేయాలి, ఒకరు కొట్టుకుపోతున్నవారి మీదనుంచి చూపు మరల్చకుండా వేలితో చూపిస్తూ ఉండాలి. ఎవరి పని ఏమిటో బస్సులోనే పంచుకోండి.

ఒడ్డుకు చేర్చినవారిని తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కడం చేయవద్దు. అందువల్ల మేలు లేదు, హాని ఉంది. 108కి కబురు చేసి, ఊపిరి ఆడకపోతే శిక్షణ పొందినవారు నోటితో శ్వాస అందించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

సంచిలో ఒక అయస్కాంతం

నీళ్ళలోకి దిగకపోతే యారాడ వెళ్ళి ఏం లాభం అంటారా? సంచిలో ఒక అయస్కాంతం వేసుకుని వెళ్ళండి. కెరటాలు కడిగిన ఇసుకమీద నల్లని చారలు కనిపిస్తాయి. అయస్కాంతాన్ని పలుచని కాగితంలో చుట్టి వాటిలో తిప్పండి. నల్లని రేణువులు కొన్ని అంటుకుంటాయి. అవి ఇనుము కలిసిన ఖనిజాలు. ఎర్రగా మెరిసే రేణువులుంటే అవి గార్నెట్లు. ఇవి తూర్పు కనుమల్లోని ఖోండలైటు వంటి రాళ్ళు కోట్ల ఏళ్ళుగా అరిగిపోగా వచ్చినవి. తేలిక ఇసుకను కెరటం ఈడ్చుకుపోతుంది, బరువైన రేణువులు మిగిలిపోతాయి. అదే ఆ చారల రహస్యం. నీటి అడుగున గట్లను కట్టి గండ్లు కొట్టేది కూడా ఆ కెరటమే.

ఈసారి తరగతిలో యారాడ మాట వచ్చినప్పుడు, చందాల కాగితం మీద నాలుగు గడులు గీయండి. నెల, తిథి, గంట, చోటు అని రాయండి. మొదటి మూడూ ఇంటి దగ్గరే నింపవచ్చు. నాలుగో గడిని మాత్రం ఖాళీగా వదిలి తీసుకువెళ్ళండి. ఒడ్డున పదిహేను నిమిషాలు నిలబడి, కెరటాలను చూసి, అందరూ కలిసి అక్కడే నింపండి. ఆ గడి నిండేదాకా ఎవరి కాలూ తడవరాదు.